బాబూమియా తడిపిన మలుపు

ఫలక్‌నుమా గుట్ట దిగి అలియాబాద్ వైపు వచ్చే రోడ్డు మీద సాయంత్రం పూట దుమ్ము లేవకుండా చూసేవాడు నీళ్ళు మోసే భిస్తీ బాబూమియా. అది సర్కారు ఇచ్చిన నౌకరీ కాదు, దుకాణాలవాళ్ళు తలా ఇంత వేసుకుని పెట్టుకున్న పని. మేకతోలు మష్కు నిండా బావి నీళ్ళు పట్టి, నడుముకు ఓరగా వేలాడేసుకుని, దాని మూతిని ఎడమచేత్తో బిగించి, వేళ్ళు కొంచెం కొంచెంగా సడలిస్తూ నడిచేవాడు. నీళ్ళు విసనకర్ర విప్పినట్టు పరుచుకుని పడేవి. వాళ్ళ నాయనా ఇదే రోడ్డు మీద ఇదే పని చేశాడు. వీధుల్లోకి నల్లాలు వచ్చాక ఇళ్ళకు నీళ్ళు మోసే పని పోయింది. అతనికి ఈ రోడ్డు ఒక్కటే మిగిలింది.

ఆ రోడ్డుకే పందేల పీడ పట్టుకుంది. పోలీస్ యాక్షన్ అయిపోయాక పాత పటాలాల మోటారు సైకిళ్ళు వేలంలో అగ్గువకు దొరికాయి. చేసే పని లేని జాగీర్దారుల కొడుకులు, పుస్తకాలున్నా చదవని వకీళ్ళ కొడుకులు తలా ఒకటి కొన్నారు. ముష్తాక్ అనే మిస్త్రీ రోడ్డు పక్కనే రేకుల షెడ్డు వేసి, వాటి పొగగొట్టాలు పీకేసి రెట్టింపు చప్పుడు చేసేటట్టు తయారుచేసేవాడు. ఆదివారం వచ్చిందంటే గుట్ట మీది నుంచి దిగువ మలుపు దాటేదాకా పందెం. ముసలివాళ్ళు, మేకలు, బిందెలెత్తుకున్న ఆడవాళ్ళు, ఎవరి ప్రాణం వాళ్ళు చూసుకోవాల్సిందే. మొదట ఒక మేక చచ్చింది. అందరూ నవ్వారు. తర్వాత టాంగా తోలే అంజన్ గుర్రానికి కాలు విరిగింది. అప్పుడూ కొందరు నవ్వారు. ఆ తర్వాత బాబూమియా కూతురు సురయ్యా పోయింది.

ఆ పిల్ల తండ్రికి రొట్టెలు తెస్తోంది. తల్లి షౌకత్ బీ గుడ్డలో కట్టి పంపింది. రొట్టెల మూట రోడ్డుకు ఆ పక్కన పడింది, పిల్ల ఈ పక్కన పడింది. గుద్దినవాడెవడో నలుగురికీ తెలుసు, అడిగితే ఒక్కడికీ తెలియదు. దుమ్ములో పిల్ల కనపడలేదట. ఎంత తడిపినా, ఆదివారం సాయంత్రం అయిదారు బండ్లు ఒకేసారి దిగితే దుమ్ము గాక పన్నీరు లేస్తుందా?

మరునాడు దుకాణాలవాళ్ళు బాబూమియా ఇంటికి వచ్చి పరామర్శ చేశారు. పోతూ పోతూ ఒకాయన నసిగాడు.

"భాయ్, గా మరకలు జర సాఫ్ చెయ్యరాదు. గిరాకీలు అటు దిక్కు కాలు పెడ్తలేరు."

బాబూమియా కాదనలేదు. మష్కు తీసుకుపోయి కన్నకూతురి నెత్తురు తానే కడిగి వచ్చాడు. మనిషి పుటక పుట్టినవాడు చేసే పనేనా అని మనకు ఒళ్ళు మండుతుంది. కానీ ఎవరు అడిగితే వాళ్ళకు నీళ్ళు పోయడమే తప్ప, పోయను అనే మాట ఆ వంశంలో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

షౌకత్ బీకి సంగతి తెలిసింది.

"బిడ్డ నెత్తురు మీద నీళ్ళు పోసి వచ్చినవా?" అంది.

అతను తల వంచుకున్నాడు.

"నువ్వు తండ్రివి కాదు, వట్టి భిస్తీవి" అంది. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడడం మానేసింది. వేళకు పళ్ళెం తెచ్చి అతని ముందుకు నెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేది.

పందేలు బంద్ చేయిస్తే తప్ప ఆమె ముఖం ఇటు తిరగదని బాబూమియాకు అనిపించింది. జీవితంలో మొదటిసారి ఒకటి కావాలని పట్టుబట్టాడు. ఠాణాకు పోతే అమీన్‌సాబ్ వినీ విననట్టు విని, దరఖాస్తు రాయించుకుని రమ్మన్నాడు. దరఖాస్తు రాసేది వకీలు వామన్‌రావు. ఆయన ఇల్లు సరిగ్గా ఆ మలుపు మీదే ఉంది. తాతల నాటి నుంచీ ఆ ఇంటి వాకిలికీ పూలమొక్కలకూ బాబూమియా వాళ్ళే నీళ్ళు పోస్తున్నారు. గడప లోపలికి మాత్రం తోలుసంచి నీళ్ళు పోవు.

"వకీల్‌సాబ్, ఈ పందేలు బంద్ చేపియ్యాలె. మీరు నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి" అన్నాడు, అరుగు కింద నిలబడి.

వామన్‌రావు పాన్ నములుతూ మెల్లగా చెప్పాడు. "నీకు కష్టమొచ్చింది బాబూమియా, నేను కాదంటలేను. కానీ రోడ్డు సర్కారుది. దాని మీద బండి నడుపుడు జుర్మ్ కాదు, నేరం కాదు. పోరగాళ్ళ షౌక్ అది. ఇయ్యాల పందెం బంద్ అంటవు, రేపు ఇంకొకడొచ్చి పతంగులు బంద్ అంటడు."

"పతంగి తాకి ఎవ్వరు చస్తలేరు కద సాబ్."

"మిద్దె మీది నుంచి పడి చస్తలేరా? ఇగో, అంత చిన్న పిల్లను ఒక్కదాన్నే రోడ్డు మీదికి తోలుడు మీ తప్పు కాదా?"

బాబూమియా చూపు పక్కకు తిప్పుకున్నాడు. వాకిట్లో వకీలు కొడుకు వేణుగోపాల్ తన మోటారు సైకిలును నూనెగుడ్డతో తుడుచుకుంటున్నాడు. తండ్రి ఎందుకు రాయడో అర్థం చేసుకోవడానికి చట్టాల కాయిదా పుస్తకం చదవనక్కర్లేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా? బాబూమియా సలాం చేసి వచ్చేశాడు.

ఎండాకాలం వచ్చింది. వామన్‌రావుకు సర్కారు వకీలు కావాలని ఆశ. అందుకు చక్రం తిప్పగల పెద్ద అధికారి ఒకాయన కుటుంబంతో సహా పందెం చూడడానికి వస్తానన్నాడు. అరుగు మీద కుర్చీలు వేయించి, వకీలు తానే బాబూమియాను పిలిపించాడు. పక్కన ఆయన గుమాస్తా అనంతపద్మనాభం ఉన్నాడు.

"దొరలు తెల్లబట్టలేసుకోని వస్తరు. దుమ్ము రవ్వంత లేవద్దు. మలుపు కాడ మస్తుగ పొయ్యి" అన్నాడు వకీలు.

భిస్తీ పనికి ఒక పద్ధతి ఉంది. ఒకసారి పలచగా చల్లి, మట్టి పీల్చుకున్నాక మళ్ళీ చల్లాలి. పైగా ఆ మలుపులో కుమ్మరుల బండ్లు తిరుగుతాయి, వాటిలోంచి బంకమట్టి రాలి పడి ఉంటుంది. ఇదంతా బాబూమియాకు తెలియంది కాదు. కానీ ఆ రోజు అతని బుర్రలో ఉన్నది దుమ్ము ఒక్కటే. దుమ్ములోనే కదా తన బిడ్డ కనపడలేదన్నారు. పందెం ఆపించడం ఎట్లాగూ చేతకాలేదు. దుమ్మన్నా లేకుండా చేస్తే ఇంకొకరి బిడ్డ వాళ్ళ కంట పడుతుంది, బతుకుతుంది. అట్లా అనుకుని మష్కు మీద మష్కు తెచ్చి కుమ్మరించాడు. నడిచే మనుషుల గురించి ఆలోచించాడు గానీ, ఆ బురద మీద చక్రాలు జారతాయని ఆ పిచ్చివాడికి తట్టలేదు.

అందరికంటే ముందు వేణుగోపాల్ బండి వచ్చింది. మలుపులో ముందు చక్రం సర్రున జారింది. కుర్రవాడు ఎగిరి పక్కనున్న మోరీ కాలువ బండకు కొట్టుకున్నాడు. తండ్రి అరుగు దిగి వచ్చేలోపల ప్రాణం పోయింది.

కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని వామన్‌రావు చుట్టూ చూశాడు. మష్కు పట్టుకుని నిలబడ్డ బాబూమియా కనపడ్డాడు.

"వీడే. బిడ్డ పోయిందని పగబట్టి పోసిండు" అన్నాడు.

"సాబ్, మీరే కద పొయ్యమన్నరు" అన్నాడు బాబూమియా.

"నా కొడుకును నేనే చంపుమంటనా?"

 మస్తుగా పొయ్యమన్న మాట చెవులారా విన్న అనంతపద్మనాభం తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఠాణాలో బాబూమియాను చితక్కొట్టారు. కావాలనే పోశానని ఒప్పుకోమన్నారు. ఎన్ని దెబ్బలు పడ్డా అతను ఒప్పుకోలేదు. నీళ్ళు చల్లినందుకు పెట్టడానికి చట్టంలో ఏ దఫా దొరక్క చివరికి వదిలేశారు. ఈలోగా పందేల మీద మాత్రం హుకుం వచ్చేసింది. వామన్‌రావు తన చేత్తో దరఖాస్తు రాశాడు. ప్రజల ప్రాణాలకు ముప్పు అన్నాడు, రోడ్డు ఆటస్థలం కాదన్నాడు, మనసు కరిగేటట్టు రాశాడు. వారం తిరక్కుండా మలుపు దగ్గర పందేలు బంద్ అని బోర్డు పాతారు. భిస్తీ బిడ్డ చచ్చినప్పుడు దొరకని కాయిదా వకీలు బిడ్డ చస్తే ఎక్కడినుంచి ఊడిపడిందో! తనదాకా వస్తే గానీ తెలియదంటారు. నిజమే, కానీ పేదవాడికి తెలిసి మాత్రం ఏం లాభం? వాడికి తెలిస్తే బోర్డులు లేవవు.

ఠాణా నుంచి కుంటుకుంటూ వస్తుంటే అంజన్ టాంగా ఆపి చెయ్యి పట్టుకున్నాడు.

"మంచి పని చేసినవ్ భాయ్. నా గుర్రం ఉసురు కూడ తగిలింది వాళ్ళకు."

"అల్లా మీద ఒట్టు, నేను కావాలని చెయ్యలేదు."

"ఆఁ ఆఁ, చెయ్యలే. నేను ఎవ్వరికి చెప్తనా?" అని అంజన్ కన్ను గీటాడు.

కూరగాయలమ్మే ఆవిడ, నీ పుణ్యాన మా పోరగాళ్ళు నిమ్మళంగా రోడ్డు దాటుతున్నరని దండం పెట్టింది. దుకాణాలవాళ్ళు మాత్రం, వకీలుతో మాకెందుకు లొల్లి, ఇకమీదట నీళ్ళకు రావద్దని చెప్పేశారు. మసీదు మెట్ల మీద ఖురాన్ సాక్షిగా చెప్పినా ఎవరూ నమ్మలేదు. కొందరు తిట్టారు, కొందరు మెచ్చుకున్నారు. తిట్లే నయమనిపించింది అతనికి.

ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. షౌకత్ బీ ఎదురొచ్చింది. అతన్ని కూర్చోబెట్టి, వేడినీళ్ళు తెచ్చి, వీపు మీది వాతలకు కాపడం పెట్టింది. తర్వాత అన్నం, పుల్లటి ఖట్టా వడ్డించి, అతనికి ఎదురుగా, ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

"సురయ్యా అబ్బా" అని పిలిచింది. "గల్లీల అందరు అంటున్నరు. నీ నోటితోని నాకు చెప్పు. కావాల్ననే పోసినవా?"

బాబూమియా ఆమెను చూశాడు. ఆ కళ్ళల్లో భయం లేదు, ఆశ ఉంది. లేదని చెబితే ఆమె మళ్ళీ గోడ వైపు తిరుగుతుంది, ఈసారి చచ్చేదాకా ఇటు తిరగదు. లాఠీలకు ఒప్పుకోని మాట గొంతులోకి వచ్చింది.

"కావాల్ననే పోసిన" అన్నాడు.

షౌకత్ బీ లేచి వచ్చి అతని భుజం మీద తల పెట్టి, బిడ్డ పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. బాబూమియా ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాడు. ఆనాడు వాకిట్లో బండి తుడుచుకుంటున్న వకీలు కొడుకు ముఖం ఎంత తోసినా అతని కళ్ళ ముందు నుంచి పోలేదు.