ఆకుపచ్చ కోడిపిల్ల

తొంభైల చివర మా పేటలోకి వానలు తగ్గాక రంగు కోడిపిల్లలవాడు వచ్చేవాడు. సైకిలు వెనక వెడల్పాటి తట్ట, దానిమీద వల. వలకింద గులాబీ, ఆకుపచ్చ, పసుపు రంగు పిల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కి అరుస్తూ ఉండేవి. పాత ఇనుముకో తల వెంట్రుకలకో వాటిని ఇచ్చేవాడు. ఆ ఏడు అమ్మ చూరులో దాచిన వెంట్రుకల ఉండ తీసి ఇచ్చింది. దువ్వెనకు వచ్చినవన్నీ ఆమె అలా చుట్టి దాచేది. ఈసారి ఉండ పెద్దదిగా ఉంది. అందులో ఎక్కువ చెల్లివే.

చెల్లికి క్షయ అని గుంటూరులో డాక్టరుగారు చెప్పారు. మాత్రలతో పాటు రోజూ ఒక గుడ్డు పెట్టమన్నారు. కూలి దొరికిన రోజు కొట్లోంచి గుడ్డు వచ్చేది, దొరకని రోజు లేదు. ఇంట్లో ఒక పెట్ట ఉంటే ఆ దిగులు తీరుతుందని అమ్మ ఆశ. అందుకే పెట్టపిల్లలే కావాలని గట్టిగా అడిగింది. "అన్నీ పెట్టలేనమ్మా. లెగ్‌హారన్ జాతి, ఏడాది పొడుగునా గుడ్డే" అన్నాడతను.

మా అమ్మమ్మ అతని మాట నమ్మలేదు. ఒక్కో పిల్లనూ కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి చూసింది. తల పైకెత్తి గింజుకుంటే పుంజు, ఊరికే వేలాడితే పెట్ట. నాటు పిల్లల్ని ఆమె ఎప్పుడూ అలాగే పోల్చేది. గింజుకున్నవాటిని తట్టలో వేసి, ఊరుకున్నవాటిని మూడింటిని ఒళ్ళో పెట్టుకుంది. ఎండలో ఊళ్ళు తిరిగి నీరసించిన పిల్ల ఏదైనా అలాగే వేలాడుతుందని మాకు తోచలేదు. హేచరీల్లో పిల్ల పుట్టగానే పుంజో పెట్టో తేల్చేస్తారని, పెట్టల్ని ఫారాలకు పంపి, గుడ్లకు పనికిరాని పుంజుల్ని రంగులో ముంచి ఊళ్ళమీదికి తోలతారని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

రెండు పిల్లలు వారం తిరక్కుండానే చచ్చిపోయాయి. ఆకుపచ్చది మిగిలింది. అమ్మ దాన్ని చెల్లి మంచం పక్కన గంపలో పెట్టి, మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసింది. తొలి గుడ్డు మందిరానికి తెస్తానని దేవుడికి మొక్కుకుంది. మా సంఘంలో అది ఆనవాయితీ. పాదుకు కాసిన మొదటి సొరకాయ అయినా, కోడి పెట్టిన మొదటి గుడ్డు అయినా ఆదివారం తెచ్చి బల్లమీద పెట్టాలి. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. తొలిదాన్ని ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు.

రంగు పోయి తెల్ల ఈకలు వచ్చాయి. తలమీద తురాయి ఎర్రగా లేచింది. పక్కింటామె చూసి, "ఏమే, నీ పెట్టకి మీసాలొస్తన్నాయి" అని నవ్వింది. ఫారం లారీల్లో పోయే పెట్టలకు కూడా ఎర్ర తురాయి ఉంటుందని అమ్మ జవాబిచ్చింది. అది నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మేము ఇంకా ఎదురుచూశాం. కుటుంబ ప్రార్థనలో ముందు చెల్లి ఆరోగ్యం, ఆ వెంటనే గుడ్డు.

మిరప కోతలు మొదలయ్యాయి. అమ్మ, అమ్మమ్మ, నేను తెల్లవారకముందే వెళ్ళి, మండే చేతులతో పొద్దుగూకి వచ్చేవాళ్ళం. పగలంతా ఇంట్లో చెల్లి, కోడి. చెల్లికి దగ్గు తగ్గినట్టు అనిపించింది. మాటలు కూడా తగ్గాయి. ఊరుకుంటే నెమ్మదించిందనుకున్నాం.

ఒక సాయంత్రం గంపలో గడ్డిమీద తెల్లటి గుడ్డు ఉంది. అమ్మే చూపించి, ఉడకబెట్టి పెడతానంది. చెల్లి ఒప్పుకోలేదు.

"తొలిది దేవుడిది గదమ్మా. ఆదివారం తీసుకెళ్ళు."

"ఈసారికి నువ్వు తిను. దేవుడు ఏమీ అనుకోడులే."

"మొక్కింది నువ్వేగా."

అమ్మ చేతిలో ఉన్నది తొలి గుడ్డు కాదు. అది కొట్లో కొన్న గుడ్డు. బిడ్డ ఆశ పోకూడదని తెచ్చి గడ్డిలో పెట్టింది. అప్పుడు మొక్కు సంగతి ఆమెకు తట్టలేదు. బిడ్డతో ఆడిన అబద్ధం ఒక ఎత్తు, దాన్ని బల్లమీద పెట్టి తొలి ఫలమని ప్రార్థన చేయించుకోవడం ఒక ఎత్తు. అమ్మ అంతకు తెగించలేకపోయింది. మంచం పట్టెమీద కూలబడి, కొన్నానని చెప్పేసింది.

చెల్లి గంపకేసి చూసింది. తర్వాత, "తెలుసమ్మా. అది పుంజు. మీరు చేలో ఉన్నప్పుడు కూస్తది" అంది.

క్రిస్మస్ వెళ్ళినప్పటి నుంచీ కూస్తోందట. చీకట్లో ఉంటే మేము చేలోకి వెళ్ళేదాకా కూయదని, చలికి అని చెప్పి ప్రతి సాయంత్రం గంపమీద గోనెపట్టా కప్పించింది. అమ్మ ప్రార్థన వింటూ చెప్పలేకపోయిందట.

"కొన్నదైతే తినొచ్చుగా" అని చెల్లి గుడ్డు ఉడకబెట్టించి, ఒలిపించుకుని సగం తిని, సగం అమ్మ నోట్లో పెట్టింది. పుంజునే మందిరానికి ఇచ్చెయ్యమంది. మన దగ్గర ఉన్నది అదే కదా అంది.

అమ్మ ఆదివారం దాన్ని తీసుకెళ్ళింది. వేలంలో ఎవరూ పాడలేదు. ఫారం పుంజుకి ఎముకలే తప్ప ఏముంటుందని వెనక వరసలో ఎవరో అన్నారు. పాస్టరుగారు దానికోసం ప్రార్థన చేసి, దేవుడు మీ మనసు చూశాడమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. అమ్మ దాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చింది.

కల్లాల్లో మిరపకాయలు ఎండుతుండగానే చెల్లి ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది. సమాధి చేసి వచ్చిన మరుసటి వేకువన, గంపమీద గోనె కప్పమనేవాళ్ళు లేక, పుంజు మా అందరికీ వినపడేలా కూసింది. అమ్మ లేచి మోకాళ్ళూనింది. మేమూ ఊనాం. అలవాటుగా చెల్లి ఆరోగ్యం అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆ తర్వాత రావలసింది గుడ్డు. దేవుడు పొరపాటు చెయ్యడని ఆ రోజూ నమ్మాను, ఈ రోజూ నమ్ముతున్నాను. కానీ ఆగిపోయిన ఆ ప్రార్థనను ఎలా ముగించాలో మాలో ఎవరికీ తెలియలేదు. చాలాసేపటికి అమ్మమ్మే ఆమెన్ అంది.