కాశమ్మ పాటకు జవాబు

మా పెద్దమ్మ కాశమ్మకు పాట ఉంటే కూడు అక్కర్లేదని మా అమ్మ దెప్పుతూ ఉండేది. అందులో అబద్ధం లేదు. పురానాపూల్ దర్వాజా పక్కన పూలగంప ముందేసుకుని దండలు కట్టే మనిషి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో రికార్డు మారిందంటే చాలు, గిరాకీని నిలబెట్టి మరీ వినేది. మూర ఎంతమ్మా అని అడిగినవాడికి, "పాట అయిపోనీ బిడ్డా" అనేది. పక్క గల్లీలో ముస్లింల ఇంట పెళ్లయితే, ఆడవాళ్లు ఢోలక్ వాయిస్తూ పాడే గుంపులో మా పెద్దమ్మ కూడా ఉండేది. ఆ మాటల్లో సగం ఆమెకు తెలియవు. అయినా అందరికంటే ఎక్కువగా ఆమే తల ఊపేది. మా పెదనాన్న గుండయ్య బస్సు డిపోలో మెకానిక్కు. ఈమె పోరు పడలేక ఒక దసరాకు ట్రాన్సిస్టర్ కొన్నాడు. కొన్న రోజు నుంచి అది ఆయన చేతికి మళ్లీ దొరికింది లేదు.

ఆమె రాజ్యం మాత్రం బతుకమ్మ దగ్గరే. ఆశ్వయుజంలో మా వాడ ఆడవాళ్లు తంగేడు, గునుగు, బంతి వరసలుగా పేర్చి నడుమ పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడేవాళ్లు. ఒకరు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు ప్రతి వరస చివర "ఉయ్యాలో" అని అందుకోవాలి. ఎత్తుకునేది ఎప్పుడూ మా పెద్దమ్మే. ఇంకొకరు ఎత్తుకుంటే ఆమె మూతి ముడిచేది. ఆ విషయంలో ఆమె అంత మంచిదేం కాదు.

చివరి రోజు, సద్దుల బతుకమ్మనాడు, అన్ని పాటలూ అయ్యాక ఆమె తన సొంత పాట ఒకటి పాడేది. అది బాలామణి పాట. బాలామణి ఆమె ఒక్కగానొక్క కూతురు. ఏడేళ్ల పిల్ల, జ్వరమొచ్చి పోయింది. నాకు ఆ పిల్ల ముఖం కూడా గుర్తు లేదు, ఇంట్లో ఫోటో లేదు. ఉన్నదల్లా ఆ పాటే.

పచ్చ లంగ కట్టి ఉయ్యాలో
పరుగునొచ్చె బాలామణి ఉయ్యాలో
పూల గంపలోన ఉయ్యాలో
పొద్దు గూకె బాలామణి ఉయ్యాలో

మా పెద్దమ్మ ఇంట్లో ఎప్పుడూ కూతురి పేరు ఎత్తేది కాదు. పెదనాన్నను ఎత్తనిచ్చేది కాదు. ఏడాదికి ఒక్కసారి, ఆ నడి వాడలో, అందరూ జవాబిస్తుండగా ఆ పేరు పలికేది. ఒకసారి నాతో అన్నది, "గంతమంది అంటుంటే నా బిడ్డ ఈడనే ఉన్నట్టుంటది లీలా. నేనొక్కదాన్నే అంటే పోయినట్టుంటది."

డెబ్బై ఒకటిలో ఆమెకు టీబీ వచ్చింది. దవాఖానలో రోజూ సూది పొడిచేవాళ్లు. నెలలు గడిచేకొద్దీ దగ్గు తగ్గింది, ఒళ్లు వచ్చింది. కానీ చెవుల్లో ఏదో కూత పెడుతోందని అనడం మొదలుపెట్టింది. తర్వాత ట్రాన్సిస్టర్ పాడైందని పెదనాన్నతో లొల్లి పెట్టుకుంది. ఆయన బ్యాటరీలు మార్చాడు. మళ్లీ మార్చాడు. అది నిక్షేపంగా మోగుతోందని ఆయనకు ముందే తెలుసు పాపం. బజారుకు వెళ్లి కొత్త బ్యాటరీలు తెచ్చి, ఆమె కళ్లెదుట వేసి, "ఇగ జూడు" అనేవాడు. ఆమె దాన్ని చెవికి ఆనించుకుని కూర్చునేది.

ఈ సూది మందుతో కొందరికి చెవులు పోతాయని డాక్టరు ఆయనతో ముందే అన్నాడట. "పానం గావాల్నా, చెవులు గావాల్నా అంటే నేనేం చెప్పాలె?" అని పెదనాన్న మా అమ్మ దగ్గర ఏడ్చాడు. ఆయన చెప్పిన జవాబు సరైనదే. కానీ పెద్దమ్మ ఒకసారి నాతో, "నన్ను అడిగితే..." అని మొదలుపెట్టి, ఆ మాట అక్కడే వదిలేసి దండ కట్టుకుంది.

ఆ ఏడాది బతుకమ్మకు ఆమె బయటికే రాలేదు. తర్వాతి ఏడాది మాత్రం నన్ను పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నా గొంతు మీద అరచెయ్యి పెట్టి "ఉయ్యాలో అను" అన్నది. అన్నాను. ఇంకోసారి అనమన్నది. చేతి కింద గొంతు ఎప్పుడు అదురుతుందో, ఎప్పుడు ఆగుతుందో పట్టుకుంది. తర్వాత చెయ్యి తీసేసి నా పెదాలు చూస్తూ సాధన చేసింది. సంగీతం మాస్టారు పెట్టుకున్నవాళ్లు కూడా అంత కష్టపడరు. సద్దుల నాడు నన్ను తనకు ఎదురుగా నిలబెట్టింది. చప్పట్లు చూసి అడుగు, నా నోరు చూసి పాట. నా పెదాలు మూతపడగానే తర్వాతి వరస ఎత్తుకునేది. కొత్తవాళ్లెవరికీ ఆమె చెవిటిదని తెలిసేది కాదు. బాలామణి పాట పాడి, అందరి నోళ్లూ ఒక్కసారి చుట్టూ చూసుకుని, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. నాకు ఆ రోజు గొప్ప గర్వంగా ఉండింది.

డెబ్బై ఏడులో నా పెళ్లయి మలక్‌పేటకు వెళ్లాను. మా అత్తగారు మంచం పట్టడంతో రెండేళ్లు సద్దులకు రాలేకపోయాను. పెద్దమ్మ ఏం చేస్తోందోనని బెంగగా ఉండేది. పక్కింటి సత్తెమ్మత్త నా బదులు ఎదురుగా నిలబడుతోందని, అంతా మంచిగా జరుగుతోందని మా అమ్మ చెప్పేది.

మూడో ఏడు వచ్చాను. నన్ను చూడగానే పెద్దమ్మ పూలు పక్కకు నెట్టి వాటేసుకుంది. చెవులు పోయినప్పటి నుంచి ఆమె మాట పెద్దదైంది, గల్లీ చివరి దాకా వినబడుతుంది.

"ఫికర్ చెయ్యకు లీలా! మునుపటి లెక్క గాదు ఇప్పుడు. ఆ గల్లీ, ఈ గల్లీ, మస్తు మంది వస్తున్రు. నూరు మంది ఒక్కసారే నోరు తెరిచి ఉయ్యాలో అంటుంటే నా బిడ్డకు గంత పండుగ ఎన్నడు జేసిన్నే!"

ఆ వెనకే మా అమ్మ నిలబడి ఉంది. నా కళ్లలోకి చూడలేదు. నాకు అప్పుడేమీ అర్థం కాలేదు.

సాయంత్రం వెళ్లి చూస్తే స్తంభానికి పెద్ద లౌడ్ స్పీకరు కట్టి ఉంది. వాడ యువజన సంఘం కార్యదర్శి బాలకిషన్, బల్ల మీద రికార్డు ప్లేయరు పెట్టుకుని కుర్చీలో ఠీవిగా కూర్చున్నాడు. రంగు బల్బులు వెలుగుతున్నాయి. స్పీకరులోంచి ఎవరో ఆడమనిషి గొంతు, వెనక బాజాలతో, బతుకమ్మ పాట పాడుతోంది. పక్క మనిషి మాట కూడా వినబడనంత గోల. ఆ రికార్డుకే అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ రికార్డుకే "ఉయ్యాలో" అంటున్నారు.

వాళ్ల నడుమ మా పెద్దమ్మ పాడుతోంది. కళ్లు ఎదురుగా ఉన్న సత్తెమ్మత్త పెదాల మీదే ఉన్నాయి. ఆ పెదాలు మూతపడగానే తన వరస ఎత్తుకుంటోంది. ఏ పాటకైనా జవాబు ఆ ఒక్క మాటే కదా, ఆమెకు తేడా ఎలా తెలుస్తుంది? ముఖం వెలిగిపోతోంది. ఆమె గొంతు ఒక్కరికీ వినబడటం లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. బాలకిషన్ దగ్గరికి పోయి, "ఏంది భాయ్ ఇది? ఆమె పాడుతున్నది కనబడుతలేదా?" అని అరిచాను.

"పోయినేడు గూడ గిట్లనే అయింది అక్కా. ఆమెకు ఖుషీ, మాకు ఖుషీ. చెప్పి ఏడిపియ్యమంటవా?" అన్నాడు.

ఆ మాట నాకు ఇంకా కోపం తెప్పించింది. పెద్దమ్మ స్పీకరును చూడలేదా అంటే చూసింది. అది మొగవాళ్ల ఉపన్యాసాలకనుకుంది. సత్తెమ్మత్త నన్ను చూసి కళ్లు దించుకుంది. నోరు మాత్రం కదుపుతూనే ఉంది.

ఇంతలో పెద్దమ్మ అందరికీ చేత్తో సైగ చేసింది. అది బాలామణి పాటకు సైగ. రికార్డు దాని పాటికి అది తిరుగుతోంది. పచ్చ లంగ అయింది, పరుగునొచ్చింది. అప్పుడు కరెంటు పోయింది.

బల్బులు ఆరిపోయాయి. స్పీకరులో గొంతు మూలుగులా సాగి ఆగిపోయింది. చప్పట్లు చెదిరిపోయాయి, నోళ్లు మూతపడ్డాయి. ఇంకా మసక వెలుతురుంది, ముఖాలు కనబడుతున్నాయి. ఆ నిశ్శబ్దంలో మా పెద్దమ్మ గొంతు ఒక్కటే మిగిలింది. ఎన్నేళ్లయిందో ఆ గొంతును ఆమె వినక. పాట ఎక్కడికో పోయింది. ఒక మాట అరుపులా, ఒక మాట గొంతులోనే. పేరు తప్ప రాగం ఏమీ మిగల్లేదు. వెనక వరసలో ఇద్దరు పిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆమె సత్తెమ్మత్త నోటికేసి చూసింది. అది కదల్లేదు. పాట ఆపింది. పక్కవాళ్ల నోళ్లు చూసింది. ఆరిన బల్బులు చూసింది. స్తంభం చూసింది, తీగ వెంబడి చూపు బల్ల దాకా వెళ్లింది. నా పెద్దమ్మ తెలివితక్కువది కాదు.

"నేను ఆపలే గద, మీరెందుకు ఆపిన్రు?" అన్నది. స్పీకరు వైపు వేలు చూపింది.

"నా పాటకు కరెంటుతోటి ఏం పని?"

సత్తెమ్మత్త ఏడుస్తూ వచ్చి చేతులు పట్టుకుంది. "నీ మనసు నొస్తదని చెప్పలేదక్కా. నువ్వు పాడు, ఇప్పుడు మేమంత అంటం, పాడు" అంటూ నోరు పెద్దగా తెరిచి "ఉయ్యాలో" అన్నది. ఇంకొందరు అన్నారు. చివరికి అందరూ అన్నారు, నిజంగానే అన్నారు. నేనూ అన్నాను.

పెద్దమ్మ ఒక్కొక్కరి నోరూ చూస్తూ వచ్చింది. "ఇగ నోర్లు జూసి ఎట్ల నమ్మాలె నేను?" అన్నది. అరుపు కాదు. తన పెద్ద గొంతును ఆమె అంత చిన్నది చేసుకోగలదని నాకు అప్పుడే తెలిసింది.

తన బతుకమ్మను తలకెత్తుకుని మూసీ వైపు నడిచింది. నేను వెనకే వెళ్లాను. మేము వంతెన దగ్గరికి చేరేసరికి కరెంటు వచ్చినట్టుంది, వెనక రికార్డు ఆగిన చోట నుంచి మళ్లీ అందుకుంది. చప్పట్లూ మొదలయ్యాయి. పండుగ కదా, ఎవరిని అంటాం? నేను మాత్రం అందరినీ తిట్టుకుంటూనే నడిచాను. ఆమెకు మాత్రం ఏమీ వినబడలేదు. పూలను నీళ్లలో వదిలి, అవి కదిలిపోయేదాకా చూసి, ఇంటికి పోదాం పద అన్నట్టు నా భుజం తట్టింది.

తర్వాతి ఏడు సద్దుల నాడు పూలగంప ఎత్తుకుని మలక్‌పేటలో మా ఇంటికి వచ్చింది. "ఈడనే పేరుద్దాం, ఇద్దరమే" అన్నది. వాకిట్లో చిన్న బతుకమ్మ పేర్చాము. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మొదటి రోజుల్లో చేసినట్టే, నా గొంతు మీద అరచెయ్యి పెట్టింది. ఆ చెయ్యి నిండా బంతిపూల వాసన.

"పచ్చ లంగ కట్టి..." అని ఎత్తుకుని ఆగింది.

నోరు తెరిచాను. ఆ ఒక్క మాటే కదా, చిన్నప్పటి నుంచి అంటున్న మాటే. ఏడుపు అడ్డుపడి గొంతు పెగల్లేదు. ఆమె చేతి కింద ఏమీ కదల్లేదు. ఎంత ప్రయత్నించినా కదల్లేదు. ఆమె ఓపిగ్గా ఆగింది.

"పోనీలే బిడ్డా" అని నా కళ్లు తుడిచింది. చెయ్యి నా గొంతు మీద నుంచి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. వరస తనే మళ్లీ మొదటి నుంచి పాడింది. పాడి, కాస్త ఆగి, "ఉయ్యాలో" అని జవాబు కూడా తనే చెప్పుకుంది.