బావ కోసం వదిలిన ఖాళీ

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. నేను చేసేది ప్రచారం పని. మామూలు చీరని మహారాణి చీరగా, మామూలు లడ్డూని అమృతంగా చెప్పి జనం చేత కొనిపించడం నా వృత్తి. అలాంటివాడి దగ్గరికి వచ్చి, "మా పెరట్లో తెల్లచీర కనబడిందండీ" అని ఎవరైనా అంటే, నేను ముందు అడిగేది అది ఏ కొట్టులో కొన్నదని.

ఇప్పుడు కూడా నేను దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. చూడలేదు. వినలేదు కూడా. నా బాధంతా ఆ వినకపోవడం గురించే.

చదువు సంగతి ముందే చెప్పేస్తాను. ఎనిమిదో తరగతిలో మా మాస్టారికి నా నుంచి విముక్తి కలిగించాను. కాబట్టి ఇందులో పెద్ద మాటలు దొరకవు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సూరి మా అప్ప భర్త. మా వైపు అక్కని అప్ప అంటాం. బావది సముద్రం మీద చేపలు పట్టే కుటుంబం. అలల హోరులో ఒక పడవ మీంచి ఇంకో పడవకి కేకలేసి కేకలేసి ఆయన గొంతు అదో రకంగా గరగరలాడేది. పెళ్లయ్యాక అరసవల్లిలో ఇల్లు అద్దెకి తీసుకుని, మైకు కట్టిన ఆటో నడిపేవాడు. నేను వెనక కూర్చుని మైకులో చెప్పేవాణ్ణి. సినిమాలు, చీరలు, చెప్పులు, ఏవైనా సరే.

ఒకరోజు ఆమదాలవలస బజారులో నేను ఒక చీరల కొట్టుని ఆకాశానికెత్తేస్తున్నాను. బావ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "సీరలు బాగున్నాయి గానీ ఆ మెట్లెక్కితే మోకాళ్లు పోతాయిరా!" అన్నాడు. మైకు దాన్ని పట్టేసింది. బజారంతా నవ్వింది. కొట్టాయన పరుగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ కలిపి తిట్టాడు. సాయంత్రానికి ఆయన కొట్టు నిండిపోయింది. మెట్లు చూద్దామని వచ్చినవాళ్లు చీరలు కొనుక్కుని వెళ్లారు.

అప్పట్నుంచి మా పద్ధతి అదే. నేను పొగుడుతాను. కాస్త ఆగుతాను. ఆ ఖాళీలో బావ ఒక లోపం చెబుతాడు. నేను నవ్వి ముగిస్తాను. ఆ లోపం మాత్రం నిజమైనదే కావాలి, అది ఆయన పట్టుదల. ప్రచారం ఒప్పుకునే ముందు కొట్టుకెళ్లి ప్రతిదీ తడిమి చూసి వచ్చేవాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు చెప్పేవాడు కాదు. ముందే తెలిస్తే నా నవ్వు దొంగ నవ్వులా ఉంటుందట.

అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాక వీధిలో మైకు వినేవాళ్లు తగ్గిపోయారు. విజయనగరంలో ఆన్‌లైన్ మార్కెటింగ్ నేర్పే మేడమ్ ఒకావిడ ఉంటే, ఇద్దరం వెళ్లి క్లాసులో కూర్చున్నాం. పిల్లల మధ్య మేమిద్దరం తప్పిపోయి వచ్చిన పెళ్లివారిలా ఉన్నాం. ఆవిడ పర్సనల్ బ్రాండ్ గురించి చెప్పారు. కొట్లు వస్తాయి పోతాయి, జనం గుర్తుపెట్టుకోవాల్సింది మిమ్మల్ని, నాలుగు రోజులు మెరిసి ఆరిపోకుండా నిలబడాలి అన్నారు.

బావ లేచి నిలబడ్డాడు. "బ్రాండంటే టీపొడికుంటాది, అగ్గిపెట్టికుంటాది. మనిసికేటమ్మా?"

క్లాసంతా నవ్వింది. మేడమ్ మాత్రం, "మీకు ఇప్పటికే ఉంది సూరిగారూ. మీరు లోపం దాచరని జనానికి తెలుసు. అంతకంటే నిలబడేది నేనేం నేర్పగలను?" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బావ ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. "ఇన్నావేట్రా? నాను సరుకు. మరి నువ్వేటి?"

"నాను అట్టపెట్టిని బావా. నాను నేకపోతే నువ్వు దారిలోనే పగిలిపోతావు" అన్నాను.

బావ, బావమరిది పేరు మీదే పేజీ పెట్టాం. ఆటో పరదాలు దించి, లోపల బొంతలు వేలాడదీసి, దాన్నే రికార్డింగ్ గది చేసుకున్నాం. కొట్టు ఫొటో మీద మా మాటలు. మేడమ్ చెప్పినట్టు వారం తప్పకుండా పెట్టేవాళ్లం. ఎవరైనా తప్పు పడితే పేజీలోనే ఒప్పుకునేవాళ్లం. పెళ్లిళ్లకి వెళ్తే జనం మా గొంతు విని గుర్తుపట్టి, "బావా, ఈ పప్పులో లోపమేటి?" అని అడిగేవారు. ఆయన సీరియస్‌గా రుచి చూసి మరీ చెప్పేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాడు. టీ పెట్టి అప్ప లేపబోయింది. లేవలేదు. గుండె అన్నారు డాక్టరు. అంతకుముందు రోజు కూడా నాతో పోట్లాడాడు, నా నవ్వు సాగదీస్తున్నానని.

పేజీ ఆగిపోయింది. పాత ఆడియోలు ఫోన్ నిండా ఉన్నాయి గానీ వినలేకపోయాను. ఏ ఆడియోలో ఏమంటాడో నాకు కంఠతా వచ్చు. బతికున్నంతకాలం ఆయన ఏమంటాడో నాకు ఒక్కసారి కూడా ముందు తెలియలేదు. నాకు కావాల్సింది నాకు తెలియని మాట ఒకటి. ఒక్కటి చాలు, నన్ను తిట్టినా సరే.

మేడమ్ ఫోన్ చేసి ఓదార్చారు. ఎక్కువకాలం ఆపితే జనం మరిచిపోతారు, తోడుగా ఇంకో గొంతు పెట్టుకో అన్నారు. నాకు మనసొప్పలేదు. చివరికి అప్పే అంది. "మాటాడరా పైడీ. ఆయన గొంతు నేదు, నీదీ నేదు. నాకు సెవులెందుకు మరి?"

ఆమదాలవలసలో మూర్తిగారి స్టీలు సామాన్ల కొట్టుకి కొత్త కుక్కర్లు వచ్చాయంటే ఒప్పుకున్నాను. ఒక్కణ్ణే ఆటోలో కూర్చుని రికార్డు చేశాను. కుక్కరుని పొగిడాను. అలవాటుగా ఆగాను. ఎదురుగా ఖాళీ సీటు. ఏదో ఒకలా ముగించాను. వేసుకుని వింటే ఆ ఖాళీలో ఏమీ లేదు, దూరంగా ఒక కాకి తప్ప. దాన్ని కత్తిరించడానికి చెయ్యి రాలేదు. అలాగే పెట్టేశాను.

కింద వచ్చినవన్నీ నవ్వు బొమ్మలే. "బావ కేక" అని రాశారు. "బావ మళ్లీ వచ్చాడు" అని రాశారు. చచ్చిపోయిన మనిషి మీద వేళాకోళమేంటని నాకు ఒళ్లు మండింది. ఊళ్లో అందర్నీ ఆటపట్టించేవాణ్ణి నేను. నన్నెవరైనా ఆటపట్టిస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అంతలో మూర్తిగారి ఫోను. "ఏటి పైడిరాజూ, కొత్త కుక్కరుకి పిడి వదులని మీ బావ సేత సెప్పిస్తావేటి? బేరాలు పోతాయి కాదేటి?"

"బావ లేడు కదండీ" అన్నాను.

"తెలుసులేవయ్యా. పాత మాట అతికించీసుంటావు."

ఆ కుక్కర్లు కొట్టుకి వచ్చింది బావ పోయిన తర్వాత. వాటి గురించి పాత మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? నేనే ఆ కొట్టుకి వెళ్లాను. వరసగా ఒక్కొక్క కుక్కరే పట్టుకుని చూశాను. పిడి వదులుగానే ఉంది. అప్పటిదాకా నాకది తెలియదు. నేను ఆ కుక్కరుని ఫొటోలో తప్ప చూడలేదు.

తర్వాత కొత్తవలసలో ఒక మిఠాయి కొట్టుకి చేశాను. మళ్లీ ఖాళీ వదిలాను. ఈసారి కావాలనే. నాకు మళ్లీ ఏమీ వినబడలేదు. జనం మాత్రం "నెయ్యి వాసన గుమ్మం దాకే ఉన్నాది" అన్న మాటకి నవ్వుకుంటున్నారు. రాసినవాళ్లందరూ అదే మాట రాశారు. ఆ కొట్టు మిఠాయి నేను తిన్నాను. గుమ్మం దాకే.

విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే రమణ అనే స్నేహితుడి దగ్గరికి ఆడియో తీసుకెళ్లాను. మాట ఉన్నచోట కంప్యూటర్ మీద గీతలు లేస్తాయి. ఖాళీ దగ్గర గీత నేలకి పడుకుని ఉంది. రమణ చెవులకి పెట్టుకుని విన్నాడు. సరిగ్గా ఆ పడుకున్న గీత దగ్గర నవ్వాడు. "బావదేనురా, ఎంత బాగా..." అంటూ తెర వైపు చూశాడు. చెవులకి పెట్టుకున్నది తీసి బల్ల మీద పెట్టేసి, మళ్లీ ముట్టుకోలేదు.

చెవుల డాక్టరుకి చూపించుకున్నాను. నా చెవులకి ఏ లోపమూ లేదట. బావైతే ఏమనేవాడో.

అప్పకి ఈ సంగతి తెలియకూడదని దాచాను. పుండు మీద కారం ఎందుకని. ఒకరోజు పొద్దున్న అరసవల్లి వెళ్తే, గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. పక్కన ఫోన్లో నా మిఠాయి కొట్టు ప్రచారం మోగుతోంది. నేను పొగడటం అయింది. ఖాళీ వచ్చింది. అప్ప నవ్వింది. బావ పోయాక అప్ప నవ్వడం అదే నేను చూడటం.

"నీకూ ఇనబడతన్నాదా?" అన్నాను.

"నీకు నేదేటి?" అంది. నా మొహం చూసి ఫోను ఆపేసింది. ఒకదాని తర్వాత ఒకటి ఆయన అన్నవన్నీ నాకు చెప్పింది. ఆయనలాగే గొంతు గరగరలాడించబోయింది, దగ్గొచ్చింది. ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

అప్పట్నుంచి నేను ప్రచారం చెయ్యడం, అప్ప విని నాకు చెప్పడం. కొన్నాళ్లు అలా గడిచింది. నేను అడిగిన తెలియని మాటలు వస్తూనే ఉన్నాయి, కానీ నా దగ్గరికి కాదు. జిల్లా అంతటికీ వినిపిస్తున్నాడు. ముక్కూమొహం తెలియనివాడు టీకొట్టు దగ్గర మా బావ మాటకి నవ్వుతాడు. పక్కనే నేను కాకి అరుపు వింటూ నిలబడతాను. రానురాను తట్టుకోలేకపోయాను.

ఒకరోజు అప్ప ఫోను అడిగి తీసుకున్నాను. అక్కడే, ఆ గుమ్మంలోనే, ఏ కొట్టూ సరుకూ లేకుండా రికార్డు చేశాను. "బావా, అందరికీ ఇనబడతన్నావు. నాకెందుకు ఇనబడవు? ఏటి సేసినాను నాను?" అని ఖాళీ వదిలాను. ఎప్పటికంటే ఎక్కువసేపే వదిలాను.

నేను విన్నాను. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు, అంతే. ఫోను అప్పకి ఇచ్చాను.

అప్ప చెయ్యి తుడుచుకుని చెవి దగ్గర పెట్టుకుంది. నవ్వలేదు. తల వంచుకుని చివరిదాకా వింది. మళ్లీ వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏటన్నాడప్పా?"

తలెత్తింది. "నీకు కాదురా" అంది. "నాకు."

నేనింకేమీ అడగలేదు. నేను చేసిన పేజీలో, నేను వదిలిన ఖాళీలో ఊరందరితో మాట్లాడాడు గానీ, కట్టుకున్న మనిషితో ఒక్క మాట మాట్లాడుకునే చోటు ఆయనకి అప్పటిదాకా దొరకలేదని నాకు తట్టనే లేదు.

అక్కడితో ఆగిపోయింది. తర్వాత పెట్టిన ప్రచారాలకి "మధ్యలో సౌండ్ పోయింది" అని రాయడం మొదలుపెట్టారు. అప్పకీ వినబడలేదు. పాత వాటిలో ఖాళీలు మళ్లీ వేసి చూస్తే అవీ ఖాళీగానే ఉన్నాయంది. రమణ మాత్రం తను విన్నానంటాడు, ఎక్కడైనా ఒట్టేస్తానంటాడు. మూర్తిగారు నేను పాత మాట అతికించానని ఇప్పటికీ అనుకుంటున్నారు.

పేజీ నడుస్తోంది. ఇప్పుడు కొట్టుకెళ్లి తడిమి చూసేది నేనే, లోపం చెప్పేదీ నేనే. బాగానే నిలబడ్డావని మేడమ్ మెచ్చుకున్నారు. మా బావ లేని చోట నిలబడ్డం ఏపాటి నిలబడ్డమో నాకు తెలుసు.

ఇదంతా ఏమిటంటే చెప్పలేను. అందరూ కలిసి భ్రమపడ్డారనుకుందామంటే ఆ కుక్కరు పిడి అడ్డం వస్తుంది. ఎంత ఆలోచించినా నాకు అందలేదు.

ఆ రోజు ఆయన ఏమన్నాడో అడిగితే అప్ప బహుశా చెబుతుంది. ఒకటి రెండుసార్లు తనే చెప్పబోయింది కూడా. నేనే వద్దన్నాను. ఆ ఒక్క మాటా నాకు తెలియనంతకాలం, బావ ఇంకా ఏదో అనబోతున్నట్టే ఉంటుంది.