ముప్పయ్యో రోజు రెండు నిమిషాలు

జనవరి నెలాఖరున, పొద్దున ఏడున్నరకు నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కాను. సంచిలో తువ్వాలు చుట్టిన వీడియో కెమెరా, దానిలో గంటసేపు పట్టే క్యాసెట్. అందులో యాభై ఎనిమిది నిమిషాలు నా ముఖమే.

మా ఆయన దుబాయిలో పని చేస్తాడు. కిందటి సెలవుకు ఈ కెమెరా తెచ్చి, "రోజుకు రెండు నిమిషాలు మాట్లాడు. ఏదైనా సరే, ఒక్క దినం ఇడువకు" అని చెప్పి పోయాడు. చెప్పడానికేం, తేలికే. మొదటి నెల పదకొండు రోజులు మాట్లాడి చేతులెత్తేశాను. కెమెరా ముందు కూర్చుంటే నోరు పెగిలేది కాదు. కొన్ని నెలల తర్వాత ఒక కిటుకు దొరికింది. బీడీలు చుట్టేటప్పుడు చాట ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా డబ్బా మీద కెమెరా నిలబెడతాను. చేతులు ఆకు కత్తిరిస్తుంటే నోరు దానంతటదే నడుస్తుంది. వెనక గోడకు రోజుకో కాగితం చింపే క్యాలెండరు, తేదీ కనిపించేలా. అట్లా రెండో క్యాసెట్ నిండింది, ఇది మూడోది.

"ఒక్క రోజూ తప్పలేదు" అని మా అత్త ముందు గొప్పలు పోయాను. మీకు మాత్రం నిజం చెప్పాలి. ఈ నెల మధ్యలో నాలుగు రోజులు చెల్లెలి ఇంటికి పోయాను. తిరిగొచ్చాక ఒకే మధ్యాహ్నం నాలుగు చీరలు మార్చి, నాలుగు కాగితాలు ఒకటొకటిగా చింపి, నాలుగు రోజులూ భర్తీ చేశాను. కిందటి నెలలో ఒక వారం కూడా ఇట్లాగే గట్టెక్కించాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

మా జిల్లాలో దుబాయి పోయేవాడి పెట్టెలో సగం ఊరివాళ్ల మూటలే ఉంటాయి. మా ఆయన గదిలోనే ఉండే రాజేశ్వర్ పది రోజుల సెలవుకొచ్చాడు, ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం. అతని చేతికి క్యాసెట్ ఇవ్వడానికే నా ప్రయాణం. అందులో మిగిలిన ఆఖరి రెండు నిమిషాలు చెరుకు బండ్లకని దాచాను. మా ఆయన పుట్టింది బోధన్ పక్క ఊళ్లోనే. సెలవెప్పుడూ ఎండాకాలంలోనే దొరుకుతుంది కాబట్టి కోతల కాలం చూసి ఆరేళ్లయింది. "ఒక్కసారి బండ్లు చూపెట్టు" అని ఫోనులో అడిగాడు.

ఎడపల్లి దాటాక ఆ బండ్లే బస్సుకు అడ్డం పడ్డాయి. చక్కెర ఫ్యాక్టరీకి పోయే వరుస, కదలదు. దిగాక నింపాదిగా తీద్దామని కెమెరా బయటికి తీయలేదు. పక్క సీటు అవ్వ నా సంచిలోకి తొంగి చూసింది.

"పెండ్లి తీయబోతున్నవా బిడ్డా?"

"కాదవ్వా, మా ఆయనకు పంపుతున్న. దుబాయిల ఉంటడు."

"ఫోన్ల మాట్లాడరాదు?"

"మాట్లాడ్త. కని ముఖం కనవడదు గదా."

అవ్వ కొంచెం ఆలోచించి, "మరి ఆయన ముఖం నీకెట్ల కనవడ్తది?" అంది. నేను సంచి మూతి ముడేశాను. కిటికీలోంచి కాగిన రసం వాసన వస్తోంది.

తొమ్మిదింబావుకు బోధన్. రాజేశ్వర్ వాళ్లమ్మ గుమ్మంలోనే చెప్పింది, కొడుకు చందూర్‌లో అత్తగారింట ఉన్నాడని, అటునుంచటే పోతాడని. బస్టాండులో ఇంత ఉప్మా తిని, వర్ని బస్సు పట్టుకుని, అక్కడినుంచి షేర్ ఆటోలో ఇరుక్కుని చందూర్ చేరేసరికి పదకొండున్నర.

రాజేశ్వర్ వాకిట్లో వడ్లు తూచే కాంటాకు పెట్టె తగిలించి చూస్తున్నాడు. అతని భార్య సుజాత పచ్చడి సీసా తీస్తోంది, మళ్లీ పెడుతోంది.

"ఫోన్ చేస్తె నేనే వస్తుంటి గద వదినె" అన్నాడు.

"మీ అన్న నిజంగ చూస్తడా, పెట్టెల పడేస్తడా?" అని నవ్వుతూ అడిగాను.

అతను నవ్వలేదు. "డ్యూటీ కాంగనే ప్లేయర్ల క్యాసెట్ ఏసి టీవీకి వైరు పెడ్తడు. ఒక్క దినానిదే చూస్తడు, మల్ల బంద్ జేస్తడు. ఇంకొకటి చూడన్నా అంటె, రేపటిది రేపే అంటడు."

"మొదటి దాంట్ల పదకొండే ఉండె గద."

"పన్నెండోనాడు గూడ పెట్టిండు. ఏం రాలే. జరసేపు గా టీవీ దిక్కే చూసి పండుకున్నడు." కాంటా మీంచి పెట్టె దించుతూ అన్నాడు, "పోయినసారి ఒక వారం ఏడు చీరలు మారినయ్ వదినె. కని చాటల గవ్వే బీడీలు. మాకు తెల్వలే, అన్న పసిగట్టిండు."

"ఏమన్నడు?"

"వారం దినాలు ఒక్కటే పొద్దు చూసిన్రా అన్నడు. అయినా ఒక్కనాడు ఇడువలే."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. కెమెరా తీసుకుని ఇంటి వెనక పొలం గట్టుకు నడిచాను. ఎదురుగా చెరుకు కోస్తున్నారు, రెండు బండ్లు నిండి ఉన్నాయి. అటు తిప్పి మీట నొక్కితే చాలు. నేను కెమెరాను గట్టు మీద పెట్టి, దాని ముందు కూర్చున్నాను. ఒళ్లో చాట లేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పదిహేడు కెళ్లి ఇరవై దాక నాలుగు దినాలు ఒక్కటే పొద్దు" అన్నాను. "నేను చెల్లె ఇంట్ల ఉంటి. నువ్వు దినానికొక్కటే చూస్తవని నాకు తెల్వది. ఇగ జెయ్య." తర్వాత ఏడుపొచ్చింది. "నువ్వయితె నన్ను చూస్తవు. నేనెవలను చూడాలె?"

అప్పుడే టేపు అయిపోయింది. ఆ మాట పడిందో లేదో వెనక్కి తిప్పి చూసుకోలేదు.

సుజాత క్యాసెట్‌ను పెట్టెలోని లుంగీ మడతలో పెట్టి, పచ్చడి సీసా బయటికి తీసేసింది. "ఆఖరుది ముందుగాల చూడమని చెప్పాల్నా?" అని రాజేశ్వర్ అడిగాడు. నా కళ్లు చూసినట్టున్నాడు.

"వద్దు. వరుసనే చూడనీ" అన్నాను.

మూడింటికి మోస్రా మీదుగా నిజామాబాద్‌కు నేరుగా బస్సు దొరికింది. మీలో ఎవరైనా చందూర్ పోతే ఈ దారినే పోండి, నాలాగా బోధన్ చుట్టు తిరగకండి. ఐదు దాటాక ఊళ్లో దిగి, కొత్త క్యాసెట్ కొని, ఇంటికి నడిచాను. రోజూ మాట్లాడటం నాకోసమో, ఆయన మాట దక్కించడానికో అనుకునేదాన్ని. ఆయనకు రోజుకు ఉన్నదే ఆ రెండు నిమిషాలని ఇవాళే తెలిసింది. నిజం చెప్పిన నా ముఖం ఆయన ముందుకు వచ్చేది ముప్పయ్యో రాత్రి. అప్పటిదాకా అక్కడ నేనింకా అబద్ధమాడుతూనే ఉంటాను.