చచ్చిన కాలన్నారు

పక్కింట్లో ఎవరికో జలుబు చేసినట్టుంది, పసుపు కొమ్ము కాల్చి పొగ పీలుస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి రాగానే, చదువుతున్న పుస్తకం మూయకుండానే నా చెయ్యి ఎడమ పిక్క మీది మచ్చను తడుముకుంది.

మాది ధర్మవరం. నాలుగేళ్ళప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ నా ఎడమకాలిని పడేసి పోయింది. ఎండాకాలం వీధిలో ఆరేసిన పట్టునూలు వాసన, ఉగాదికి అవ్వ పెనం మీద ఓళిగలు తిప్పుతుంటే కమ్మగా కాగే నెయ్యి, గుంతలో కాళ్ళు దించుకుని నాయన నేసే మగ్గం చప్పుడు, ఇవన్నీ నాకు అరుగు మీద కూర్చునే తెలుసు. తొక్కుడుబిళ్ళకు మాత్రం దిగేదాన్ని. అందరూ ఒంటికాలి మీద గెంతే ఆటలో నాకేం తక్కువ? గెంతీ గెంతీ నా కుడికాలు చింతకొమ్మలా గట్టిపడింది. బడికి పంపమంటే నాయన ఒకటే మాట.

"సచ్చిన కాలేసుకోని యాడికి పోతావమ్మీ? ఈడనే కండెలకు నూలు చుట్టుకో."

ఏడో ఏట అవ్వ నన్ను చంకనేసుకుని బస్సెక్కి, పెనుకొండలో వాతలు పెట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. మూడు వాతలు పెడతారు, అప్పటికీ కదలకపోతే ఆ కాలు చచ్చినట్టే లెక్క. ఆయన పసుపు కొమ్మును నిప్పుల మీద ఎర్రగా కాల్చి నా పిక్కకు ఆనించాడు. వీధంతా వినబడేలా అరిచాను. కాలు మాత్రం కదల్లేదు.

"సూస్తివా అవ్వా, సచ్చిపోయిండాది" అన్నాడు ముసలాయన.

"సచ్చింటే నాకెట్ల మండుతాంది తాతా?" అన్నాను.

"దీనికి నోరు జాస్తి ఉండాదే!" అన్నాడాయన.

రెండో వాతకు వంగినప్పుడు పొరబాటున నిప్పు కొస నా కుడికాలికి తగిలింది. మంట తెలిసేలోపే ఆ కాలు ముడుచుకుని, మోకాలు ఎగిరి ఆయన గడ్డానికి తగిలింది.

"పెద్దోళ్ళని కొడతావేమే, దయ్యమా!" అవ్వ నా వీపు మీద రెండు వేసింది.

"నేను కాదవ్వా, అదే లేసింది!"

ఎవరు నమ్ముతారు? ముసలాయన కొమ్మును మళ్ళీ కాల్చుకుని వచ్చాడు. ఈసారి నేను గురి చూసి, ఆ కుడికాలితోనే ఆయన రొమ్ము మీద తన్నాను. నిప్పుల చట్టి దొర్లింది.

"నా వల్ల కాదు, తీసకపో" అన్నాడాయన. మిగిలిన రెండు వాతలూ పడలేదు. ధర్మవరంలో బస్సు దిగేముందు అవ్వ నా ఒళ్ళో శనక్కాయలు పోసి, "బాగానే తంతివిలే" అంది.

అరవై దాటాక, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు పెట్టిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మనవరాలి సైన్సు పుస్తకం వేలు పెట్టి చదువుతున్నాను. మెదడు, దాని కింద వెన్నుపాము, అక్కణ్ణుంచి ఒళ్ళంతా పాకిన నరాలు. చర్మం కబురును పైకి మోసే నరాలు వేరు, కదలమనే ఆజ్ఞను కండరానికి తెచ్చే నరాలు వేరు. నా జ్వరం పోలియో అని, అది ఆజ్ఞ పంపే కణాలనే తినేసిందని మనవరాలు విడమరిచింది. కబురు మోసేవి నిక్షేపంగా ఉన్నాయి. ఆ రోజు నేనడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నేళ్ళకు అచ్చులో దొరికింది. నిప్పు తగిలితే మెదడు కోసం ఆగకుండా వెన్నుపామే కాలిని లాగేస్తుందని కూడా అందులోనే ఉంది.

వాతల ముసలాయన లేడు, అవ్వ లేదు, నాయన లేడు. మగ్గం గుంతను పూడ్చి గచ్చు చేశారు. ఆ గచ్చు చల్లదనం నా ఎడమ పాదానికి తెలుస్తూనే ఉంది. మొదటి దెబ్బ వెన్నుపాముదని పుస్తకం చెబితే ఒప్పుకుంటాను.

రెండోది నాది.