డాక్టరు కొరికే గోలీ

మెదక్‌లో నేను పనిచేసిన దవాఖానాలో పండ్ల డాక్టరుకు ఒక అలవాటుండేది. పుచ్చుపంటిలో సిమెంటు నింపాక, పలక మీద మిగిలినదాన్ని గోలీలా చుట్టి దాచేవారు. మర్నాడు పొద్దున దాన్ని తన దవడ పంటి కింద పెట్టి కొరికేవారు. గోలీ టక్కుమంటేనే మొదటి పేషెంటును పిలవమనేవారు. బయట జనం బుగ్గలు పట్టుకుని కూర్చుంటే ఇదేం పనని నాకు ఒళ్లు మండేది.

ఒకసారి, నింపిన చోట మళ్లీ పుచ్చకూడదని, క్రిములను చంపే మందుపొడిని సిమెంటులో కలిపించారు. చాలదేమోనని ఇంకాస్త వేయించారు. కలిపింది నేనే. అది కుల్చారం నుంచి వచ్చిన ఒక పెద్దాయన పంటిలోకి వెళ్లింది.

మర్నాడు గోలీ కొరికితే చప్పుడు రాలేదు. డాక్టరు అరచేతిలోకి పిండి రాలింది.

"పురుగు సావాలెనని చూసిన, బలం సంగతి చూడలే. పెద్దాయన మక్కజొన్నలు నమిలితె ఇరుగుతది. సామాన్లు సర్దు చెల్లె" అన్నారు.

ఆ రోజు తెలంగాణ బంద్. బస్సులు లేవు. ఆయన స్కూటరు వెనక సంచి పట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. ఒకతను వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఇయ్యాల బంద్ అని తెల్వదా సార్? ఎటు పోతున్రు?"

"కుల్చారం. పేషెంటు కాడికి."

"సీరియస్‌గ ఉన్నదా?"

ఔనంటే దారి దొరుకుతుంది. అనండి, అనండి అని లోపల్లోపల బతిమాలుకున్నాను. ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీసి, పిండైన గోలీ చూపించారు.

"ఆయన మంచిగనే ఉన్నడు బిడ్డా. ఆయన పంట్ల నేను నింపిన సిమెంటు ఇదే. సీరియస్ నాకే."

హ్యాండిల్ మీది చెయ్యి మెల్లగా లేచింది.