తేలిక చెక్క

ఆంటీ పోయారన్న కబురు ఎవరి డ్యూటీ ఎప్పుడో చెప్పుకునే మా రోటా గ్రూపులోనే వచ్చింది. అప్పుడే డ్యూటీ దిగి, లండన్‌లో ఇల్ఫర్డ్ వెళ్లే బస్సులో కూర్చున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కిటికీకి తల ఆనించి, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

మీలో కేర్ హోమ్‌లో పని చేసినవాళ్లకు ఆంటీ లాంటి మనిషి ఒకరైనా తెలిసే ఉంటారు. గుంటూరు నుంచి వచ్చి, ముసలివాళ్లను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తూనే నడుము అరగదీసుకున్నారు. కొత్తగా చేరిన మాకు అన్నం పెట్టి మరీ పని నేర్పారు. "పని ఎక్కడికీ పోదు, ముందు కూర్చుని తినండే" అనేవారు. తను మాత్రం నిలబడే తినేవారు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టం.

హోమ్ వెనక ఓ పక్కకి ఒరిగిన నల్ల పాప్లార్ చెట్టు ఉంది. ఎండలు మొదలవగానే దాని దూది ఎగిరొచ్చి ఉతికిన దుప్పట్లకు అంటుకునేది. అందరం తిట్టుకునేవాళ్లం. ఆంటీ ఒక్కరే టీ కప్పుతో దాని కింద నిలబడేవారు. ఓ గాలివానకి పెద్ద కొమ్మ విరిగింది. కోసిన ముక్కలు షెడ్డులో బాగా ఎండాక, ఆంటీ ఒకటి ఎత్తి చూశారు. పేరుకే నలుపు, లోపల చెక్క తెల్లగా ఉంది.

"ఎంత తేలిగ్గా ఉందో చూడవే! నేను పోతే పెట్టె ఈ జాతి చెక్కతోనే చేయించండి. మొయ్యాల్సింది మీరేగా, మీ నడుముల సంగతి నాకు తెలీదా?"

మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

లండన్‌లో పుట్టి పెరిగిన వాళ్లబ్బాయి అప్పటికే బరువైన ఓక్ చెక్క పెట్టెకి చెప్పేశాడు. వాళ్లింట్లో ప్రార్థనకి కూడినప్పుడు సంగతి చెప్పాను.

"పాప్లార్? దట్స్ క్రేట్ వుడ్. మమ్ డిజర్వ్స్ బెటర్."

సరుకుల పెట్టెలకి వాడే నాసి చెక్క అని అతని ఉద్దేశం. నాకు ఒళ్లు మండింది. "మీ అమ్మ ఆఖరి కోరిక బాబూ అది. పెట్టె మోసేవాళ్లను ఓసారి చూడు" అన్నాను.

ప్రార్థనకి మావాళ్లు సోఫాలోంచి లేస్తున్నారు. ఒకామె టేబులు ఊతంగా పట్టుకుంది. ఇంకొకామె పక్కామె భుజం పట్టుకుంది. అతను వాళ్ల వంక చూశాడు. తర్వాత ఫోను తీసుకుని బయటికి వెళ్లాడు.

శ్మశానం గేటు దగ్గర పెట్టె అందుకున్నాం. బరువుకి సిద్ధపడి ఊపిరి బిగబట్టాం. తీరా చూస్తే చులాగ్గా లేచింది. దారంతా ఎవరూ భుజం మార్చుకోలేదు. ఇన్నేళ్లుగా ఎవరిని ఎత్తినా ఎప్పుడెప్పుడు దించుదామా అనే చూశాం. ఆ రోజు సమాధి పక్కన పాస్టరుగారు దించమని రెండోసారి చెప్పినా, మాలో ఒక్కరూ కదల్లేదు.